పన్నెండు గజాల దేశం

టెక్సస్ రిపబ్లిక్ అనే సొంత దేశం పుట్టి ఇంకా ఆరేళ్ళు నిండని జనవరి. ఆస్టిన్ పట్నంలో విధవరాలు కెజియా టాలివర్ నడిపే పూటకూళ్ళ ఇల్లు. గది లోపల దుప్పటి చుట్టుకుని శాసనసభ్యుడు ఎనోస్ ప్రూయిట్. గడప బయట కెజియమ్మ.

"ఆరలేదంటే ఎలాగమ్మా? పదకొండింటికి సభ!"

"ఆరలేదు ప్రూయిట్ బాబూ. నేనేం చెయ్యను? జింక తోలు పంట్లామాయె. పొయ్యి దగ్గరే వేలాడదీశాను."

"అసలు నిన్నెవరు ఉతకమన్నారు?"

"వాసన."

"వాసనేమిటి! ఎన్నికల ముందేగా ఉతికించింది!"

"అదే చెప్తున్నాను."

"కెజియమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆ పంట్లాం తడిదైనా సరే ఇలా ఇచ్చెయ్యి. తొడుక్కునే ఆరబెట్టుకుంటాను."

"తడి తోలు ఒంటి మీద ఆరితే బిగుసుకుపోతుంది బాబూ. తర్వాత కత్తితో కోసి తియ్యాలి. మీకింకా పెళ్ళి కావాల్సి ఉంది."

"నా పెళ్ళి సంగతి తర్వాత! ఇవాళ దేశం సరిహద్దు బిల్లు. నేను లేకపోతే ఒక్క ఓటుతో పడిపోతుంది. ఆ బిల్లు రాయాల్సిందీ నేనే. కాగితాలు ఇక్కడున్నాయి, నేనిక్కడున్నాను, పంట్లాం పొయ్యి దగ్గరుంది!"

"అయ్యయ్యో. ఎంత కష్టం."

"నవ్వుతున్నావా?"

"లేదు బాబూ. పొగ."

"ఆగాగు. నీకు ఉతకడానికి నీళ్ళెక్కడివి? బావి ఆ హస్కిన్స్ కంచె అవతలికి పోయిందని రోజూ ఏడుస్తావుగా?"

"ఏటి నుంచి తెచ్చాను. గుట్ట దిగి, గుట్ట ఎక్కి. రెండు బకెట్లు. అరవై ఏళ్ళ మోకాళ్ళతో. మీ పంట్లాం కోసం."

"నేనడగలేదే!"

"మీరడగలేదు. నేనడుగుతున్నాను. నా అర్జీ ఏమైంది?"

"ఇదా సంగతి! అది... బల్ల మీద ఉందమ్మా."

"రెండేళ్ళుగా బల్ల మీదే ఉంది."

"అదే మరి. భద్రంగా ఉంది."

"ప్రూయిట్ బాబూ, ప్రతి శనివారం ఆ సభ గది ఊడ్చేదెవరు?"

"నువ్వే."

"ఆ బల్ల తుడిచేదెవరు?"

"నువ్వే అమ్మా, కానీ..."

"సభాపతి గారి బల్ల తుడిచాను. గుమాస్తా బల్ల తుడిచాను. ఆ కుంటి బల్ల కింద చెక్క పెట్టి మరీ తుడిచాను. నా అర్జీ లేదు."

"అమ్మా, బల్ల మీద పెట్టడమంటే... బల్ల మీద పెట్టడం కాదు."

"మరి?"

"పక్కన పెట్టడం."

"ఏ పక్కన? బెంచీల కింద కూడా ఊడుస్తాను. పంది పిల్లలున్నాయి, అర్జీ లేదు."

"అబ్బా! అది సభ భాష. ఒకరు లేచి 'దీన్ని బల్ల మీద పెట్టాలని కోరుతున్నాను' అంటారు. మిగతావాళ్ళు 'అవును' అంటారు. ఇక దాని ఊసు ఎవరూ ఎత్తరు."

"అంటే చచ్చిందన్నమాట."

"చచ్చిందని కాదు. బల్ల మీద..."

"మా ఆయన్ని కూడా బల్ల మీదే పడుకోబెట్టారు, పెట్టె తయారయ్యేదాకా. నాకు తెలుసులెండి బల్ల మీద పెట్టడమంటే. ఆ లేచేది ఎవరు?"

"ఎవరేమిటి. నీ పక్కింటాయనే. మేజర్ హస్కిన్స్."

"కంచె జరిపినవాడే లేస్తాడు. కంచె జరిపినవాడే బల్ల మీద పెట్టమంటాడు. బాగుంది సభ. ఆ బావి మా ఆయన తన చేతుల్తో తవ్వాడు బాబూ. రాయి పడితే రాయి కొట్టి తవ్వాడు. నీళ్ళు పడిన రోజున పైకొచ్చి, మొదటి ముంత నాకిచ్చాడు, తను తాగకుండా. ఈ వేసవికి నేను ఏటి నుంచి మొయ్యలేను. నీళ్ళు లేకపోతే పొయ్యి లేదు. పొయ్యి లేకపోతే పూటకూళ్ళ ఇల్లు లేదు. అప్పుడు మీరంతా ఎక్కడ తింటారో నాకు తెలియదు, నేనెక్కడ తింటానో అసలే తెలియదు."

"నాకు జాలిగానే ఉందమ్మా. ఏం చెయ్యమంటావు?"

"కూర్చుని దేశానికి బిల్లు రాస్తున్నారుగా. దాంతోపాటు నా బావికీ ఒకటి రాయండి. కొత్తది. ఇవాళే పెట్టండి. పంట్లాం తెస్తాను."

"ఇది బెదిరింపు!"

"కాదు. పంట్లాం."

"హస్కిన్స్ మళ్ళీ బల్ల మీద పెట్టిస్తాడు. గుమాస్తా నోట్లోంచి నీ పేరు వచ్చిందో లేదో ఆయన లేచి నిలబడతాడు."

"లేవనివ్వండి. రాయడం మీ పని. లేవడం ఆయన పని."

"సరే, సరే! సిరా ఇలా తే. ముందు దేశం పని పూర్తి చెయ్యనివ్వు."

"అసలు దేశాన్ని ఎంత పెంచుతున్నారేమిటి?"

"సముద్రం దాకా."

"మనకి సముద్రం ఉందిగా."

"అది తూర్పున ఉన్న పాతది. ఇది పడమట ఉన్న ఇంకోటి. పసిఫిక్ మహాసముద్రం. మధ్యలో కాలిఫోర్నియా, సొనోరా, చివావా, కొండలు, ఎడారి, అన్నీ మనవే."

"అక్కడ మనుషులున్నారా?"

"ఉంటారు."

"వాళ్ళకి చెప్పారా?"

"బిల్లు పాసయ్యాక చెప్తాం."

"ఎవరెళ్ళి చెప్తారు? సైన్యం ఉందా?"

"ఉండేది. తిండి పెట్టలేక ఇళ్ళకి పంపేశాం."

"మరి ఎలా పట్టుకుంటారు?"

"తీర్మానంతో."

"ప్రూయిట్ బాబూ, తప్పుగా అనుకోకండి. పొద్దు వాలితే మీరు పెరట్లోకి వెళ్ళడానికి తుపాకీ పట్టుకుని, మళ్ళీ నన్ను లాంతరు పట్టమంటారు. కొమాంచీ తెగవాళ్ళు మీద పడతారేమోనని. సముద్రం దాకా లాంతరు ఎవరు పడతారు?"

"అమ్మా, నన్ను రాసుకోనివ్వు."

"రాసుకోండి, రాసుకోండి. అరే, మేజరు గారు! రండి రండి. గడప చూసుకోండి, పంది పడుకుంది."

"పందిని కాదు కెజియమ్మా, చరిత్రని దాటుతున్నాను ఇవాళ! ప్రూయిట్ ఏడీ? ప్రూయిట్! ఏమిటయ్యా ఈ వేషం? పంట్లామేదీ?"

"అడక్కు హస్కిన్స్. అరగంటలో వస్తాను."

"రాకపోతే చంపుతాను. నువ్వు రాకపోతే సముద్రం పోతుంది. విను, నా ఉపన్యాసం విను. ఆఖరి ముక్క చాలు. 'మహాశయులారా! ఈ గీత ఈ దేశానికి ప్రాణరేఖ! ఈ సరిహద్దుకి అడ్డం వచ్చినవాడు ఎవడైనా సరే దేశద్రోహి! ఆ గీత మీద ఏ కంచె నిలబడి ఉన్నా, అది రాజుదైనా సరే, నా రెండు చేతుల్తో పీకి పారేస్తాను!'"

"చేతుల్తోనేనా మేజరు గారూ, గడ్డపార తీసుకుంటారా?"

"అది అలంకారం కెజియమ్మా. నీకర్థం కాదు."

"నాకేం అర్థమవుతుందండీ. ఏ యుద్ధంలో మేజరు అయ్యారో కూడా ఇంతవరకు అర్థం కాలేదు."

"హా! నోరు చూశావా ప్రూయిట్? కోపమంతా ఆ బావి మీద. కెజియమ్మా, మరోసారి అర్జీ పెట్టు. పది సార్లు పెట్టు. గుమాస్తా 'కెజియా' అనగానే లేస్తాను, 'టాలివర్' అనేలోపు బల్ల మీద పెట్టించి కూర్చుంటాను."

"లోపలేముందో వినరా?"

"వినేదేముంది? మన గుమాస్తాకి ముందు పళ్ళు లేవు. పై కాగితం మీది పేరు ఒక్కటి గట్టిగా చదువుతాడు, కింది కాగితమంతా నములుతాడు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. విన్నవాడెవడూ లేడు, చచ్చినవాడెవడూ లేడు. వస్తాను. ప్రూయిట్, అరగంట!"

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు బాబూ. పంది తోక తొక్కి మరీ వెళ్ళాడు. మీరు రాయండి."

"రాశాను. ఇదిగో దేశానిది. రెండు కాగితాలు. పైది పేరు: 'టెక్సస్ రిపబ్లిక్ సరిహద్దులను విస్తరించు చట్టం.' కిందది హద్దులు."

"హద్దులు చదవండి, వింటాను."

"'ఫలానా నది మొగ దగ్గర మొదలై, పడమరగా సాగి, కొండలు దాటి, మహాసముద్రపు ఒడ్డు దాకా, అందులోని నీళ్ళతో సహా.'"

"నీళ్ళతో సహా. బాగుంది. నాది?"

"నీదీ రెండు కాగితాలే. పైన: 'కెజియా టాలివర్ అను విధవరాలి మొర తీర్చు చట్టం.' కింద: 'సదరు పట్నమందలి పందుల దొడ్డి మూల గుంజ దగ్గర మొదలై, పడమరగా పన్నెండు గజాలు సాగి, బావి గట్టు దాటి, అందులోని నీళ్ళతో సహా, కెజియా టాలివర్‌కు శాశ్వతముగా చెందును.'"

"అరే. రెండూ ఒకేలా ఉన్నాయే."

"సరిహద్దు సరిహద్దే అమ్మా. రాసే తీరు ఒకటే. ఒకటి కొంచెం పొడుగు. ఇక పంట్లాం!"

"ఇదిగో."

"ఇదేమిటి? ఇది నాదేనా? ఇంత పొట్టిగా..."

"తోలు బాబూ. ముడుచుకుంటుంది. లాగండి."

"మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది!"

"మంచం మీద పడుకుని లాగండి. ఊపిరి బిగబట్టండి. నేనటు తిరుగుతాను."

"అమ్మా! ఆ కాగితాలు... అబ్బా... రెండు కట్టలుగా కుట్టెయ్యి. సూదీ దారం ఉందిగా?"

"ఉంది. కానీ ఏది ఏదో నాకేం తెలుసు బాబూ?"

"పెద్ద అక్షరాలున్నది పైన, చిన్న అక్షరాలున్నది కింద. అంతే! పడ్డాను... అబ్బా, మోచెయ్యి!"

"లేవండి, లేవండి. పైన ఒకటి, కింద ఒకటి. సరే. కుట్టేస్తాను. మీరు కాళ్ళు చూసుకోండి."

"నిజం చెప్పనా కెజియమ్మా, నీకు అక్షరాలు రాకపోవడం ఎంత హాయో. వస్తే ఈ దేశంలో మేం రాసేవి చదివి నిద్రపోయేదానివి కాదు."

"నిజమే బాబూ. గెంతకండి, నేల చెక్కలు పాతవి. ఇదిగో, కుట్టేశాను. దేశం పైన పెట్టాను. బావి కింద."

అదే రోజు, మధ్యాహ్నం మూడు గంటలు. పూటకూళ్ళ ఇంటి భోజనాల బల్ల.

"కెజియమ్మా! పంది మాంసం తే! మొక్కజొన్న రొట్టె తే! ఉన్న కాఫీ అంతా తే! దేశం పెరిగింది!"

"పెరిగిందా మేజరు గారూ? ఎంత?"

"ఎంతేమిటి, చూసుకో! పదిహేడు నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు! టోపీలు ఎగిరాయి! అందరూ 'అవును' అంటే నేల కింద పందులు కూడా అవునన్నాయి. బయట ఫిరంగి పేల్చారు. పక్క గదిలో సెనేటు వాళ్ళు ఆ చప్పుడు విని, కాగితం విప్పకుండానే వాళ్ళూ పాస్ చేశారు. వాళ్ళ పొయ్యిలో కట్టెలు అయిపోయాయట."

"శుభం. మరి... నా సంగతి?"

"నీ సంగతా? హ హ! దేశం కాగానే నీదే వచ్చింది. గుమాస్తా 'కెజి' అన్నాడు. లేచాను. బల్ల మీద పెట్టించాను. 'యా' అనడానికి కూడా ఊపిరి తీసుకోనివ్వలేదు."

"అయ్యో."

"బాధపడకు. కాఫీ పొయ్యి. అడుగో ప్రూయిట్ వచ్చాడు. రావయ్యా, కూర్చో!"

"కూర్చోలేను."

"సంతోషమా?"

"పంట్లాం. అదొక్కటే కాదు. హస్కిన్స్, నువ్వు ఇవాళ దేన్ని బల్ల మీద పెట్టించావో తెలుసా?"

"ముసలమ్మ బావిని."

"పసిఫిక్ మహాసముద్రాన్ని."

"ఏమిటీ?"

"కాలిఫోర్నియాతో సహా. సొనోరాతో సహా. ఇదిగో, ఇప్పుడే గుమాస్తా దగ్గర్నుంచి తెచ్చాను. పైన 'కెజియా టాలివర్ మొర'. కింద చూడు. 'కొండలు దాటి, మహాసముద్రపు ఒడ్డు దాకా.' దీన్ని నువ్వే లేచి బల్ల మీద పెట్టించావు. ఏకగ్రీవంగా."

"మరి... మరి మనం పాస్ చేసింది?"

"చదవనా? నువ్వు కూర్చునే ఉన్నావుగా. 'టెక్సస్ రిపబ్లిక్ సరిహద్దులను విస్తరించు చట్టం. పందుల దొడ్డి మూల గుంజ దగ్గర మొదలై...'"

"ఆపు."

"'...పడమరగా పన్నెండు గజాలు సాగి, బావి గట్టు దాటి...'"

"ఆపమన్నానా!"

"'...అందులోని నీళ్ళతో సహా, కెజియా టాలివర్‌కు శాశ్వతముగా.' రెండు సభలు. పదిహేడు నిమిషాల ఉపన్యాసం. ఒక ఫిరంగి. పన్నెండు గజాలు."

"మేజరు గారూ, కాఫీ చల్లారిపోతోంది."

"నువ్వుండు కెజియమ్మా! ప్రూయిట్, ఇది చెల్లదు. వెనక్కి తీసుకుందాం."

"ఎవరు లేస్తారు? లేచి ఏమంటారు? చదవకుండా 'అవును' అన్నామనా? ఊళ్ళో పత్రిక నడిపేవాడు ఇప్పటికే నీ ఉపన్యాసం అచ్చు వేస్తున్నాడు. పూర్తి పాఠం."

"ఆఖరి ముక్కతో సహానా?"

"దేశద్రోహి, కంచె, రెండు చేతులు. అన్నీ ఉన్నాయి."

"అయితే ఆ రెండోదాన్ని, సముద్రాన్ని, బల్ల మీద నుంచి తీద్దాం!"

"ఎలా? రేపటితో సభ ముగుస్తుంది. ఆ పైన ఎవరి ఊళ్ళకి వాళ్ళం. బల్ల మీద పెట్టింది మళ్ళీ లేచిన రోజు నాకైతే గుర్తులేదు."

"దిగులు పడకండి మేజరు గారూ. శనివారం నేను తుడుస్తానుగా. సముద్రం కనపడితే మీకు చెప్తాను."

"చూడు ప్రూయిట్, ఎగతాళి చూడు!"

"ఎగతాళి కాదండీ. రెండేళ్ళు ఓపిక పట్టమంటున్నాను. నేను పట్టాను. ఈలోపు అదిగో, తలుపు వెనక గడ్డపార ఉంది. రెండు చేతుల్తో అన్నారు కానీ, గుంజలు లోతుగా పాతారు మీరు. చేతులు నొప్పెడతాయి."

"నేను పీకను!"

"హస్కిన్స్, వీధిలోకి చూడు. ఫిరంగి చప్పుడికి జనం పోగయ్యారు. సరిహద్దు ఎక్కడుందో చూడాలని అడుగుతున్నారు. ఎవడో జెండా కూడా తెచ్చాడు."

"జెండా ఎందుకు!"

"ఆ గీత మీద పాతాలట. నువ్వే అన్నావు."

"దేవుడా. కెజియమ్మా, ఓ మాట. మనం మనం ఇరుగూ పొరుగూ. కంచె ఆరు గజాలు జరుపుతాను. సగం సగం. బావి గట్టు మీద నువ్వోవైపు నేనోవైపు..."

"ప్రూయిట్ బాబూ, చట్టంలో ఎన్ని గజాలుంది?"

"పన్నెండమ్మా."

"దేశం గీత మేజరు గారూ. నేనెవర్ని జరపడానికి."

"సరే! సరే! ఆ గడ్డపార ఇలా ఇవ్వు. ప్రూయిట్, పద. జెండా నువ్వు పట్టుకో."

"వంగలేను. నిలబడి పట్టుకుంటాను."

"పొద్దు వాలేలోపు నీళ్ళు తోడుకోనా మేజరు గారూ?"

"తోడుకో! తోడుకో, తాగు, స్నానం చెయ్యి! ఒక్కటే నా బాధ. ఎంత గుడ్డి పొరపాటు! దేశం పేరు ఒక కాగితం మీద, హద్దులు ఇంకో కాగితం కింద. ప్రూయిట్, వీటిని కుట్టిందెవరు?"

"ఈవిడే. నేను పంట్లాంలో ఇరుక్కుపోయి ఉన్నాను."

"కుట్టేముందు చూసుకోవద్దా కెజియమ్మా? అయినా నిన్ను అని ఏం లాభం. అక్షరం ముక్క రాని మనిషి చేతికి కాగితాలిస్తే ఇంతే. తప్పు మాదే. పొరపాటు."

"పొరపాటేం లేదండీ. నా అర్జీ బల్ల మీద ఉందని మీరేగా చెప్పారు? రెండేళ్ళు ప్రతి శనివారం ఆ బల్ల మీద కాగితాలన్నీ వెతికాను. వాటిల్లో నాదేదో తెలియాలంటే చదవడం నేర్చుకోవాలి కదండీ."